మా గేటు మెట్లు మూడు, రోడ్డు కింద ఉన్నయ్

మొన్న ఆదివారం పొద్దున మా గల్లీలో మీటింగ్ అయింది. మీటింగంటే ఏం లేదు, కిరాణం అక్క షాపు ముంగట ఐదారు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లకాయితం, మూలింటి రిటైర్డ్ సారు చేతిల పెన్ను. మన సమస్యలన్నీ వరుసగ రాసి అందరం సంతకాలు పెట్టి ఇద్దామని వాట్సప్ గ్రూపుల నాలుగు రోజుల సంది మెసేజ్‌లు నడుస్తున్నయ్. సారు చష్మా సర్దుకొని నంబర్ ఒకటి వేసి, ఎవ్వరినీ అడగకుండనే పక్కన 'సీసీ రోడ్డు' అని రాసేసిండు. ఎవ్వరూ ఏమనలేదు. మా దిక్కు ఏ అర్జీ అయినా అట్లనే మొదలయితది, వెనకట ఉత్తరం మీద 'శ్రీరామ' రాసినట్టు.

నేనే ఊకోలేక, సారూ అది కొట్టేయుండ్రి, దానికైతే నేను సంతకం పెట్ట అన్న.

"రోడ్డు వద్దనేటోన్ని నిన్నే చూస్తున్న తమ్మీ" అన్నడు సారు. కిరాణం అక్క నవ్వి, "వీళ్ళింట్లకు వాన నీళ్ళు రానట్టే మాట్లాడుతున్నడు సూడు" అన్నది. వచ్చినయ్ అక్కా, వచ్చినయ్ కాబట్టే వద్దంటున్న అనబోయిన, అంతలోనే కోతుల ముచ్చట మొదలయింది, ఇగ హనుమకొండల కోతుల ముచ్చట మొదలయితే ఎవ్వలాపుతరు. అక్కడ చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్న, కొంచెం లెంగ్తీ అయితది, ఓపికుంటే చదవండి.

మెట్ల లెక్క

మా బాపు ఈ ఇల్లు 1994ల కట్టిండు. అప్పుడు గల్లీ అంత మొరం బాట. గేటు దగ్గర మూడు మెట్లు పెట్టిండు, ఒక్కోటి ఆరు అంగుళాలు. చుట్టాలొచ్చినప్పుడల్లా గింతెత్తు ఎందుకు బావా, ముసలోళ్ళు ఎక్కొద్దా అనేటోళ్ళు. బాపు మాత్రం వాన వచ్చిన్నాడు చూద్దురు పో అనేటోడు. నిజంగనే ఎంత వాన కొట్టినా నీళ్ళు మొదటి మెట్టు తడిపి పోయేటివి, మేం పిల్లలం రెండో మెట్టు మీద కూసొని కాయితం పడవలు ఇడిసేటోళ్ళం.

2004ల మొదటి సీసీ పడ్డది. అప్పుడు అందరం సంబురపడ్డం, నేను కూడా, అబద్ధమెందుకు. కింద కంకర, మీద కాంక్రీటు కలిసి పది అంగుళాలు లేచింది, మెట్టున్నర పోయింది. 2013ల అది పగుళ్ళు పట్టిందని దాని మీదనే ఇంకోటి పోసిన్రు, ఏడు అంగుళాలు. 2021ల మళ్ళొకటి, ఆరు అంగుళాలు. మొత్తం ఇరవై మూడు. బాపు పెట్టింది పద్దెనిమిది. అంటే మా మూడు మెట్లు రోడ్డు కిందికి పోయినయ్, అది చాలదన్నట్టు ఇప్పుడు గేటు లోపటి నేల రోడ్డు కన్నా ఐదు అంగుళాలు కిందుంది. గేటు తెరుచుకోవట్లేదని కిందంచు రెండు సార్లు కోయించిన. మా బిడ్డకైతే అక్కడ మెట్లుండేవంటేనే నమ్మకం కుదరదు.

ఏదో పెద్ద తుఫాను వచ్చినప్పుడు మునిగితే అది వేరే సంగతి. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల దాదాపు 65 సెంటీమీటర్లు కొట్టింది, ఆ రాత్రి మన వరంగల్‌ల హంటర్ రోడ్డు, సంతోషిమాత కాలనీ, ఎన్టీఆర్ నగర్ ఎట్లున్నయో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. 2025 అక్టోబర్ల మోంథా తుఫాను వచ్చిన్నాడు సమ్మయ్యనగర్ సంగతీ అంతే. అసొంటి వానకి నా ఐదు అంగుళాల లెక్క ఎవ్వలికీ అక్కరకు రాదు, అది ఒప్పుకుంట. నేను చెప్పేది మామూలు వాన గురించి. సాయంత్రం గంటసేపు దంచి పోయే వాన, ఏడాదికి పది పదిహేను సార్లు వచ్చేది. దానికి కూడా మేం గేటు దగ్గర ఇసుక సంచులు అడ్డం పెట్టుకొని, బోరు మోటరు పెట్టె ఎత్తు మీదకి జరుపుకొని, స్కూటీ తీస్కపోయి మెయిన్ రోడ్డు మీద పెట్టుకొని కూసుంటున్నం. ఈ నీళ్ళు దేవుడిచ్చినయ్ కావు, మేమే అర్జీ పెట్టి తెచ్చుకున్నం.

సుతారి నీళ్ళ పైపు

నా మాట మీద నాకే డౌటొచ్చి, పోయినేడు దసరా ముంగట మాకు తెలిసిన సుతారి మేస్త్రిని పిలిచిన. బాత్రూం పని ఉండె, ఆ పని అయినంక అన్నా ఒక గంట మా గల్లీ లెవల్ చూడవా అన్న. నవ్విండు, గల్లీ కూడా కడతవా పటేలా అని. కానీ పైపు తెచ్చిండు. చూసినోళ్ళకి తెలుసు, సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపుల నీళ్ళు నింపి, బుడగలు లేకుండ తట్టి తట్టి ఎల్లగొట్టి, రెండు కొసలు రెండు తావుల పట్టుకుంటే రెండు దిక్కులా నీళ్ళు ఒక్క మట్టంల ఆగుతయ్. దానికన్న నిజం చెప్పే మిషన్ లేదు. ఒక కొస ఆయన పట్టిండు, ఇంకో కొస మా పక్కింటి పోరడు పట్టిండు, నేను సుద్దముక్కతోని గేటు పిల్లర్ల మీద గీతలు పెట్టుకుంట పోయిన.

మా ఇంటి కాడి నుంచి నాలా, అదే పెద్ద కాలువ, దాక 120 మీటర్లు. నాలా దగ్గర రోడ్డు మా ఇంటి ముంగటి రోడ్డు కన్నా ఏడు అంగుళాలు కిందుంది. అంటే నీళ్ళు అటు పోవాలె. కానీ సగం దూరంల, మూడంతస్తుల కొత్త బిల్డింగ్ ఒకటుంది, దాని ముంగట రోడ్డు మా కన్నా నాలుగు అంగుళాలు ఎత్తు లేచింది. ఆ నాలుగు అంగుళాలు ఎందుకు లేచినయంటే, వాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు మూడు ఫీట్ల మొరం పోసి బేస్మెంట్ లేపి ర్యాంపు వేసుకున్నరు, 2021ల రోడ్డు పోసేటోళ్ళు ఆ ర్యాంపు పగలగొట్టి పంచాయితీ పెట్టుకునుడు ఎందుకని దానికి సరిగ కలిపేసి పోయిన్రు. ఒక్క ర్యాంపు కోసం పద్నాలుగు ఇండ్ల నీళ్ళు ఎనకకి మళ్ళినయ్.

సుతారి పైపు చుట్టుకుంట ఒక్క మాటన్నడు, "నాలుగంగుళాలు కొడితే అయిపోయే పని పటేలా, దీనికి మళ్ళ రోడ్డెందుకు". అదే నా వ్యాసం మొత్తం. ఆయన అరనిమిషంల చెప్పిండు, నేను ఇంత రాస్తున్న.

ఇంకో విషయం, గల్లీ రోడ్డుకి మధ్యల కొంచెం ఉబ్బెత్తు ఉండాలె, మీటరుకి రెండు సెంటీమీటర్ల లెక్కన పక్కలకి వాలాలె. మాది పన్నెండు ఫీట్ల గల్లీ, అంటే మధ్య నుంచి పక్కనుండే మోరీ, అదే మురికి కాలువ, దాక అంగుళంన్నర వాలు ఉంటే చాలు. మా రోడ్డు చూస్తే మధ్యలనే గుంత, అంచులెత్తు, తాంబాళం లెక్క. పిల్లలు దాంట్లనే చెప్పులు కడుక్కుంటరు.

సీసీ మీద ఎందుకింత ముద్దు

నేను కోపంల కాకుండ నిజంగనే ఆలోచించిన, రోడ్డే ఎందుకు వస్తది, మోరీ ఎందుకు రాదు అని. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి మా గల్లీ రోడ్డు ఎస్టిమేట్ కాపీ అడిగిన. వచ్చింది, లేటయినా వచ్చింది. పొడుగు, వెడల్పు, మందం, క్యూబిక్ మీటరుకి రేటు, టోటల్. చాన నీట్‌గ ఉంది. దాంట్ల 'పాత రోడ్డు పగలగొట్టి తీసుట' అనే లైనే లేదు. రోడ్డు ఎంత ఎత్తుకి రావాలె, ఏ గడప కన్నా కింద ఆగాలె అనే మాట లేదు. పోసిన్రా, టేపు పెట్టి కొలిచిన్రా, పుస్తకంల ఎక్కించిన్రా, బిల్లయిపోయింది. మందం కొలవొచ్చు గానీ నీళ్ళు ఎటు పోయినయో టేపుకి దొరకది.

పాతది పగలగొడితే ఆ పెళ్ళలు ఎత్తాలె, ట్రాక్టర్లల పంపాలె, ఎక్కడో పారబోయాలె, నాలుగు రోజులు గల్లీ బంద్ పెట్టాలె, నల్లా పైపులు పలుగుతయ్, జనం తిడతరు. పైన పోస్తే ఒక్క దినంల పని అయిపోతది, ఫోటోల తెల్లగ మెరుస్తది. నేను కాంట్రాక్టరైనా అదే చేస్త. మోరీకైతే లెవల్ చూడాలె, కొస ఎక్కడ కలవాలో చూడాలె, మధ్యల మన ర్యాంపులు కొట్టాలె, అయినంక కూడా ఫోటోల ఏం కనపడది, మోరీ కాడ కొబ్బరికాయ కొట్టినోన్ని నేనైతే చూడలే.

తమిళనాడుల 2021ల ప్రధాన కార్యదర్శే ఆర్డరిచ్చిండు, పాత రోడ్డు పొర గీకి తీసినంకనే కొత్త పొర వెయ్యాలె, ఇండ్లు రోడ్డు కన్నా కిందికి పోవద్దు అని. అంటే ఇది మా గల్లీ పైత్యం కాదు, ఒక సర్కారు కూసొని ఆలోచించిన సమస్య. తారైతే గీకే మిషన్లున్నయ్, సీసీ అయితే పగలగొట్టుడే దారి, కష్టమే, కాదంటలే.

ఇంకో లెక్క కూడా చెప్పాలె. మన వరంగల్‌కి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ కోసం 2024 నవంబర్ల 4,170 కోట్లకు ఉత్తర్వులొచ్చినయ్. అది నిజంగ పని మొదలయిన్నాడు ప్రతి గల్లీ మధ్యల నుంచి తవ్వాల్సిందే, వేరే దారి లేదు. ఇయ్యాల తెల్లగ పోసిన రోడ్డును రేపు మనమే మిషన్‌తోని కోసుకుంటం, కోసిన తావుల మళ్ళ ప్యాచ్ వేస్తరు, ప్యాచ్ గుంతపడితే మళ్ళ మీటింగ్ పెట్టి నంబర్ ఒకటి అని రాస్తం.

వెనక గల్లీ అవ్వ

ఇక్కడ దాక చదివినోళ్ళకి నేనేదో చాన న్యాయంగ మాట్లాడుతున్నట్టు అనిపించొచ్చు. 2021ల రోడ్డు పోసేటప్పుడు ఏం జరిగిందో కూడా చెప్త.

2020 ఆగస్టుల నీళ్ళొచ్చినయ్ గద, ఆ భయం మీద ఉన్నం. కాంట్రాక్టర్ మనిషి వచ్చి కొలతలు తీస్కుంటుంటే మా దిక్కు నలుగురం పోయి అన్నా మా కొసకు జెర ఎత్తు పోయి, నీళ్ళు వెనక గల్లీల దిక్కు మళ్ళేటట్టు అన్నం. ఆ నలుగురిల నేనొకన్ని. వెనక గల్లీ అంటే రేకుల ఇండ్లు, కిరాయి అర్రలు, కూలికి పోయేటోళ్ళు. ఆ యేడు వానకాలం మొదటి వానకే వాళ్ళ అర్రలల్ల మోకాలు కింది దాక నీళ్ళు. తెల్లారి ఒక ముసలవ్వ బకెట్టు పట్టుకొని మా గేటు కాడికొచ్చింది. లొల్లి పెడతదనుకున్న. పెట్టలే. బకెట్టు మా రోడ్డు మీద గుమ్మరించి, "మీ నీళ్ళు మా ఇంట్ల మర్సిపోయిన్రు బిడ్డా" అని చెప్పి పోయింది.

ఆ తర్వాత వాళ్ళ గల్లీకి కూడా సీసీ వచ్చింది, 2023ల. దాన్ని మాకన్నా ఎత్తు పోయించుకున్నరు. తప్పేముంది, మేం నేర్పిందే. ఇప్పుడు ఆ నీళ్ళు మళ్ళ మా దిక్కే. రోడ్డు అంటే మా తాన ఇట్లయిపోయింది, ఎవ్వలి నీళ్ళు ఎవ్వలి మీదకి తోయాలె అనే పోటీ, ఇందుల గెలిచేటోడు మళ్ళ రోడ్డు పడే దాకనే గెలుస్తడు.

మీకు ఎక్కువైంది కాబట్టి

నా వాదనకి గట్టి దెబ్బ వేరే దిక్కు నుంచి తగిలింది. మా బిడ్డను స్కూలుకి దింపే ఆటో అన్న ఉంటడు, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ల కలిపిన 42 ఊర్లల్ల ఒక ఊరు ఆయనది. ఆయనతోని ఈ ముచ్చట చెప్తుంటే అంత విని, "మీకు ఎక్కువైంది కాబట్టి వద్దంటున్నరు సార్, మా బజారుకి ఒక్కటన్న పడలే" అన్నడు. వాళ్ళింటి కాడ నల్లరేగడి, వానకాలం ఆటో మెయిన్ రోడ్డు కాడనే పెట్టి చెప్పులు చేతుల పట్టుకొని నడుస్తరంట. పోయినేడు వాళ్ళ చెల్లెకు నొప్పులొస్తే 108 లోపటికి రాలేక మంచం మీద మోసుకొచ్చిన్రంట. అసొంటాయనకి పోయి సీసీ అడగొద్దు, మోరీ అడుగు అని చెప్పే మొఖం నాకు లేదు.

నాలుగు రోజులు ఇదే నమిలిన. చివరికి తేలింది ఏందంటే, నా మాట మార్చాలె గానీ ఇడిసిపెట్టే పని లేదు. ఆయనకి రోడ్డు రావాలె, మాకు నాలుగోది పోసే పైసలే ఆ బజారుకి పోవాలె, మా గల్లీ లాంటివి ఊరంత ఎన్ని ఉండాలె. కానీ ఆయన బజారుకి పడేటప్పుడు ముందుగాల మోరీ కట్టి, ఇండ్ల గడపల కన్నా రోడ్డు కిందుండి మోరీ దిక్కు వాలేటట్టు చూసుకుంటే పదేండ్లకు ఆయన నా లెక్క మెట్లు లెక్కపెట్టుకుంట కూసోడు. ఇదే ఆయనతోని అంటే, ముందు పడనియ్యి సార్, తర్వాత సంగతి తర్వాత అన్నడు. మేం కూడా 2004ల అచ్చం గట్లనే అన్నం.

ఇంకొకాయన, మా గ్రూపులనే ఉన్న ఇంజనీరు తమ్ముడు, వేరే పాయింట్ తీసిండు. అన్నా, మోరీ కడితే మాత్రం నీళ్ళెటు పోతయ్, నాలానే నిండి ఎనకకి తంతుంటే అని. నిజమే. 2025 అక్టోబర్ల మా మోరీల నీళ్ళు నాలా దిక్కు పోలే, నాలా నీళ్ళే మోరీల నుంచి మా దిక్కు వచ్చినయ్, కళ్ళతోని చూసిన, ఎవ్వలదో పప్పుగిన్నె కొట్టుకొచ్చింది. వెనకట చెరువు నిండితే మత్తడి, అదే అలుగు, దునికి కింది కుంటకి, ఆ కుంట నిండితే దాని కింది దానికి పోయేటివి. కుంటల శిఖంల, అంటే నీళ్ళు నిలిచే జాగల, ప్లాట్లు లేచినంక ఆ నీళ్ళకి జాగా మన ఇండ్లే. నయీంనగర్ కాడ పాత బ్రిడ్జి 2024ల కూలగొట్టి పెద్దగ కట్టిన్రు, అది మంచి పని, కాదన్నోడు లేడు. కానీ పెద్ద నాలా ఎంత వెడల్పు చేసినా గల్లీల మధ్యల నాలుగు అంగుళాల కట్ట ఉన్నంక నీళ్ళు నాలా దాక పోవాలె గద. రెండూ కావాలె అని తమ్మునికి చెప్పిన, ఆయన పూర్తిగ ఒప్పుకోలే, థంబ్ పెట్టి ఊకున్నడు.

అన్నిటికన్న ఇబ్బంది పెట్టే ప్రశ్న మాత్రం మా ఆవిడ అడిగింది, మన ర్యాంపు సంగతేంది అని. మా ఇంటి ముంగట మోరీ మీద నేనే సిమెంటు ర్యాంపు పోయించిన, 2018ల కారు కొన్నప్పుడు, కింద పైపు కూడా ఆరు అంగుళాలదే పెట్టిచ్చిన, తక్కువల అయితదని. మోరీ తీసేటోళ్ళు వచ్చినప్పుడల్లా మా ఇంటి కాడ కర్రతోని పొడిచి పొడిచి యాష్టకొచ్చి పోతరు. ఇంత రాసినంక దాన్ని ఉంచుకుంటే బాగుండదని పోయిన వారం పగలగొట్టించిన. తీసుడుగల్ల బండల్నే పరిచిన, నెలకోసారి లేపొచ్చు. లోపట నుంచి ఏం ఎల్లిందో రాయను గానీ, మా బిడ్డ నాలుగేండ్ల కింద పోగొట్టుకున్న నీళ్ళ బాటిల్ అండ్ల ఉండె.

కాయితం ఏమైందంటే

వీధి లైటు పోతే రెండు రోజులల్ల వచ్చి పెడుతున్నరు, చెత్త బండి కూడా పాట పెట్టుకుంట దినాం వస్తుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గద. లైటు ఆరిపోతే అందరికి కనపడతది. లెవల్ అట్ల కాదు, వాన పడ్డ గంటసేపే కనపడతది, ఎండ కొట్టంగనే అందరం మర్సిపోతం, నేను కూడా. 2019 మున్సిపల్ చట్టంల వార్డుకి నాలుగు కమిటీలు, కమిటీకి 15 మంది అని రాసి ఉంది, అందుల సగం మంది ఆడోళ్ళు. ఆ అరవై మందిల ఒక్కలన్న వాన పడేటప్పుడు గొడుగేసుకొని గల్లీల నిలబడి నీళ్ళు ఎటు పారుతున్నయో ఫోన్‌ల వీడియో తీస్తే, ఎస్టిమేట్ రాసేటోళ్ళకి అంతకన్న పెద్ద సర్వే ఏం కావాలె.

ఆదివారం కాయితంల ఆఖరికి సీసీ రోడ్డు నంబర్ ఒకటిగనే ఉన్నది. కుక్కలు, కోతులు, నల్లా టైమింగ్, ఖాళీ ప్లాట్ల తుమ్మచెట్లు అన్నీ అయినంక ఏడో నంబర్‌ల సారు నా మాట రాసిండు, 'రోడ్డు లెవల్ చూసి వేయగలరు' అని. నేను చెప్పింది అది కాదు సారూ, 'పాతది తీసి, ఇండ్ల గడపల కన్నా కిందికి, మోరీ అయినంక' అని రాయుండ్రి అన్న. అంత పొడుగు పట్టది తమ్మీ అన్నడు. నేనే పెన్ను తీస్కొని కింద సన్నగ రాసి, సంతకం పెట్టిన. కిరాణం అక్క చదివి ఏమనలే, ఆమె షాపుల కూడా పోయినేడు బియ్యం బస్తాలు రెండు తడిసినయ్.

ఆ సాయంత్రమే సుతారి పెట్టిన సుద్దగీతలు పోకుండ మా గేటు పిల్లర్ మీద ఎర్ర పెయింట్‌తోని గీత కొట్టిన. పక్కింటోళ్ళు చూసి మాకూ కొట్టమన్నరు, ఇప్పటికి తొమ్మిది ఇండ్లకు అయింది. మూడంతస్తులాయనని మాత్రం ఇంక అడగలే. నిన్న టేపు పట్టుకొని ఒక పిలగాడు వచ్చిండు, గల్లీ పొడుగు కొలుస్తున్నడు. మా గేటు కాడ ఆగి ఈ గీతలేంది సార్ అన్నడు. రోడ్డు దీనికి ఎనిమిది అంగుళాలు కింద ఆగాలె అన్న. గీత వంక చూసిండు, కింద రోడ్డు వంక చూసిండు, మళ్ళ నా దిక్కు చూసి, జేబుల నుంచి ఫోన్ తీసి జెర పక్కకు పోయి ఎవ్వలికో చేసిండు.